తక్కువ సౌండులో మాట తెలిసేదే మంచి స్పీకరు

మొన్న పక్కింటి వదిన పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చి, అరగంట కూర్చుంది. వెళ్లేటప్పుడు అడిగింది, "మీ పిల్ల కంప్యూటర్‌కి పెట్టిన స్పీకర్లు ఏ కంపెనీవి? ఎన్ని వాట్లు?" అని. కంపెనీ పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ చెప్పలేదు. చెబితే వెళ్లి అవే కొనేస్తుంది. వాళ్లింటికి అవి పనికొస్తాయో లేదో నాకెలా తెలుస్తుంది? మేం రెండుసార్లు కొన్నాం. మొదటిసారి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. రెండోసారి మంచివే దొరికాయి, కానీ వాటితో పాటు మేం అడగని సంగతి ఒకటి బయటపడింది. అందుకే వదినకి నేనిచ్చిన జవాబు పొడుగైపోయింది. మీక్కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇస్నాపూర్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న పోర్షన్ మాది. మా ఆయన పాశమైలారం వైపు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ షాపులో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాడు. రేకు పెట్టడం, ప్రెస్ దిగడం, పార్టు బయటికి రావడం. ఎనిమిది గంటలూ ఆ దెబ్బలే. షిఫ్టులు వారం వారం మారతాయి. సి షిఫ్టు వారంలో పొద్దున ఏడున్నరకు ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, తొమ్మిదింటికి పడుకుంటాడు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, ఇటు బొల్లారం దాకా ఎన్నో ఇళ్లలో ఇదే కథ. మిట్టమధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి ఉందంటే ఆ ఇంట్లో నైట్ డ్యూటీ మనిషి నిద్రపోతున్నాడని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ గల్లీలో కూరగాయల బండి అతను కూడా గొంతు తగ్గించుకుని పోతాడు.

ఇలాంటి ఇంట్లో సౌండు అంటే చిన్న విషయం కాదు. ఒకరి చదువు ఇంకొకరి నిద్ర మీద పడుతుంది.

పెద్దపిల్ల ఇంటర్ ఎంపీసీ. దానికోసం పాత డెస్క్‌టాప్ ఒకటి కొన్నాం. టీవీ పాడయ్యాక బాగు చేయించలేదు కాబట్టి ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఆ కంప్యూటరే టీవీ. పొద్దున పిల్లకి ఫిజిక్స్ పాఠం, సాయంత్రం చిన్నోడికి క్రికెట్, రాత్రి మా ఆయనకి వార్తలు, అత్తమ్మకి భజనలు. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేవు. పిల్ల రోజూ నాలుగు గంటలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చెవి నొప్పి అనడం మొదలుపెట్టింది. అలా జూన్‌లో కాలేజీ తెరిచేటప్పుడు స్పీకర్ల మాట వచ్చింది.

నాకు కొని పెడతానన్నవి మాత్రం ఇయర్‌బడ్సే. "మమ్మీ, నువ్వు బడ్స్ పెట్టుకో, నీ పాటలు నువ్వు వినుకో" అంటాడు చిన్నోడు. వాడి ప్రేమ వాడిది. కానీ చేతులు పిండిలో ఉంటాయి. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో వినాలి, నల్లా వచ్చిందో లేదో వినాలి, గ్యాస్ బండి వినాలి, అత్తమ్మ లోపలి గదిలోంచి పిలిస్తే వినాలి. ఇంట్లో చెవులు మూసుకునే వీలు లేని మనిషిని నేనొక్కదాన్నే. కాబట్టి స్పీకర్లు పిల్ల పేరు మీద కొన్నా, నా కోసం కూడా అని లోపల అనుకున్నా. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నా.

మొదటిసారి దగ్గర్లోని షాపులోనే కొన్నాం. 2.1 అంటారు కదా, రెండు చిన్న డబ్బాలు, కింద పెట్టుకోవడానికి ఒక పెద్ద డబ్బా, దానికి నీలం లైట్లు. అట్టపెట్టె మీద వాట్లు వేలల్లో రాసి ఉన్నాయి. షాపతను డీజే పాట పెడితే నా చీర కుచ్చిళ్లు అదిరాయి. చిన్నోడు అక్కడే గంతులేశాడు. 2,400 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి వార్తలు పెట్టాం.

"ఏమంటుండే గాయిన? గింత సౌండున్నా సమజైతలేదు," అన్నాడు మా ఆయన.

పిల్ల పెంచింది.

"ఏందా లొల్లి! చెవులు పగులుతున్నయి, తగ్గియ్!"

తగ్గించింది. మళ్లీ "ఏమంటుండు?" ఇలా నాలుగుసార్లు. అత్తమ్మ లోపల్నుంచి "నా గుండెలల్ల ధన్ ధన్ అంటుంది బిడ్డా, బంద్ చెయ్యరాదు" అంది. వంటింట్లో అల్మారాలో ఉన్న స్టీలు డబ్బాలు వార్తలు చదివే ఆయన గొంతుకి గలగలా తాళం వేస్తున్నాయి. మర్నాడు ఫిజిక్స్ సారు బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉందని పిల్ల మళ్లీ ఇయర్‌ఫోన్లు తీసింది. రెండు నెలలు అలా మూలన పడి ఉన్నాక మా మరిది తీసుకుపోయి బతుకమ్మ రోజుల్లో వాకిట్లో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, అక్కడ అదరగొట్టింది. ఆ వస్తువు చెడ్డది కాదు. అది వాకిలికి చేసిన వస్తువు, మేం గదిలోకి తెచ్చుకున్నాం.

మనం చీర కొనేటప్పుడు ఏం చేస్తాం? షాపులో లైట్ల కింద ఎంత మెరిసినా, ఒకసారి గుమ్మం దగ్గరకి తెచ్చి ఎండలో రంగు చూస్తాం. ఎందుకంటే కట్టుకునేది ఎండలో. స్పీకరు దగ్గర మాత్రం ఆ తెలివి మర్చిపోతాం. షాపువాళ్లు వాల్యూం సగం పైన పెట్టి వినిపిస్తారు. ఆ సౌండులో ఏ స్పీకరైనా బాగానే ఉంటుంది, ఒళ్లు అదురుతుంది కాబట్టి. కానీ మనం ఇంట్లో వినేది అలా కాదు. పక్కగదిలో మనిషి నిద్రపోతుంటే, గోడకి అటువైపు వేరే కుటుంబం ఉంటే, పావు వాల్యూంలో వింటాం. కాబట్టి పావు వాల్యూంలో మాట తెలుస్తుందా లేదా అన్నదే నా లెక్కలో మొదటి పరీక్ష. పాట కాదు, మాట. మాట తేటగా వచ్చే స్పీకర్లో పాట ఎలాగూ బాగుంటుంది. పాట దద్దరిల్లే స్పీకర్లో మాట ఉంటుందని నమ్మకం లేదు.

ఆ వాట్ల గొడవ కూడా తేల్చుకుందాం. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది పీఎంపీఓ. అది కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. మీరు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉండేది. అది కూడా లేకపోతే కరెంటు అడాప్టర్ తిప్పి చూడండి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉందనుకోండి, రెండూ గుణిస్తే 5 వాట్లు. లోపలికి వెళ్లేదే 5 వాట్లయితే బయటికి ఆగకుండా 500 ఎలా వస్తాయి? పావు లీటరు పాలు తోడుపెట్టి నాలుగు లీటర్ల పెరుగు వస్తుందంటే మనం నమ్ముతామా?

ఇంకో సంగతి మా పిల్ల తన ఫిజిక్స్ పుస్తకంతో నాకు చెప్పింది. వాట్లు రెట్టింపైతే సౌండు రెట్టింపు కాదట, 3 డెసిబెల్సే పెరుగుతుందట, అంటే చెవికి కొంచెం తేడా. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. కాబట్టి 5 వాట్ల జతకీ 10 వాట్ల జతకీ ఐదారు వందలు తేడా ఉంటే ఆ డబ్బు వాట్ల కోసం పెట్టకండి. మా గదికి 5 వాట్లే ఎక్కువ.

తక్కువ ధర 2.1 సెట్లలో అసలు చిక్కు ఏమిటంటే, ఉన్న రెండు వేలలో ఎక్కువ భాగం ఆ కింది పెద్ద డబ్బాకీ లైట్లకీ పోతుంది. మాట పలకాల్సిన రెండు చిన్న డబ్బాలకి మిగిలింది చిల్లర. పైగా ఆ చిన్నవాటికి కింది స్వరాలు చేతకావు కాబట్టి మగగొంతులో కొంత భాగం బల్ల కిందనుంచి వస్తుంది. మా ఫిజిక్స్ సారు బావిలో పడింది అందుకే. అదే రెండు వేలు కింది డబ్బా లేని రెండు స్పీకర్ల జతకి, అంటే 2.0కి పెడితే, డబ్బంతా మాట మీద పడుతుంది. పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్ల సంగతి నేను చెప్పను. రెండు వేల లోపు అయితే నా ఓటు 2.0కే, వాదనకి రావద్దు.

మాటకి లోతైన బేస్ ఎంత అవసరమో తెలుసుకోవాలంటే పాత ల్యాండ్‌లైన్ ఫోను గుర్తు చేసుకోండి. అందులో 300 హెర్ట్జ్ నుంచి 3400 హెర్ట్జ్ దాకానే సౌండు వెళ్లేది. పెళ్లయిన కొత్తలో అమ్మ ఫోను చేస్తే ఆమె గొంతులో జలుబు కూడా నాకు తెలిసేది. పెట్టె మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రాసి ఉంటే మురిసిపోవద్దు. అది మనిషి చెవికి వినపడే హద్దు. అరచేతిలో పట్టే స్పీకరు 20 హెర్ట్జ్‌ని వినపడేంతగా పలకలేదు.

దీపావళి తర్వాత చిట్టీ డబ్బుల్లోంచి రెండు వేలు విడిగా తీసిపెట్టా. ఈసారి నేనూ పిల్లా సికింద్రాబాద్ వెళ్దామనుకున్నాం. పటాన్‌చెరులో 219 ఎక్కితే బీహెచ్ఈఎల్, మియాపూర్, కూకట్‌పల్లి మీదుగా ఊరంతా చూపించుకుంటూ తీసుకెళ్తుంది. 2023 డిసెంబరు నుంచి మాకు జీరో టికెట్టు కదా, కొనకుండా తిరిగొచ్చినా బస్సు ఖర్చు నష్టం లేదన్న ధైర్యం. ఆ ధైర్యం చిన్నది కాదండీ. మునుపైతే ఇంత దూరం వచ్చాం, ఏదో ఒకటి కొనుక్కుపోదాం అనిపించేది. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ షాపులు అన్నీ ఒకేచోట ఉంటాయి, ఒకతను వినిపించనంటే పక్కవాడు వినిపిస్తాడు. ఆన్‌లైన్‌లో వంద రూపాయలు తక్కువకు రావచ్చు, కానీ వినకుండా స్పీకరు కొనడం వాసన చూడకుండా నెయ్యి కొనడమే.

వెళ్లేముందు పిల్ల ఒక ఉపాయం చేసింది. దాన్నే మీరందరూ చేసుకోవాలని నా కోరిక. ఒకేలా వినిపించే మాటలు ఇరవై ఏరి, తన గొంతుతో ఫోనులో రికార్డు చేసుకుంది. కాలు, పాలు, తాలు, చాలు. పప్పు, తప్పు, కప్పు. కల, తల, వల. పాట, కోట, తోట. ఇలా, వరస లేకుండా, ఒక్కో మాటకీ మధ్య రెండు క్షణాలు ఆగుతూ. షాపులో ఆ రికార్డు పావు వాల్యూంలో పెట్టమంటే అతను మమ్మల్ని వింతగా చూశాడు. "పాట పెడతా మేడమ్, బేస్ చూడండి" అన్నాడు. "వద్దు అన్నా, కాలు పాలు పెట్టు" అంది మా పిల్ల. నేను నాలుగడుగులు వెనక్కి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డా, వంటింట్లో ఉన్నట్టు.

జెబ్రోనిక్స్, లాజిటెక్, క్రియేటివ్, ఫిలిప్స్, ఇంకా రెండు పేర్లు, మొత్తం ఆరు జతలు విన్నాం. జెబ్రోనిక్స్ మన పక్కనున్న చెన్నై కంపెనీయేనట, నాకు అప్పుడే తెలిసింది. అన్నింటికన్నా ఖరీదైనది నాకు అన్నింటికన్నా బాగా వినపడలేదు. రెండు జతల్లో 'తాలు', 'పాలు' కలిసిపోయాయి. ఒకదాంట్లో 'స' వచ్చినప్పుడల్లా ఈల వేసినట్టు చెవిలో గుచ్చింది. ఇరవైకి ఇరవై తెలిసిన వాటిల్లో తక్కువ ధరది తీసుకున్నాం, 1,750. వాల్యూం మీట ముందువైపే ఉండేలా చూసుకున్నా. అర్ధరాత్రి తగ్గించాలంటే కంప్యూటర్ వెనక్కి వంగి తడుముకోవడం నావల్ల కాదు.

ఇంటికొచ్చి పెట్టాం. పిల్లకి సంతోషం, సారు బావిలోంచి బయటికి వచ్చాడు. అత్తమ్మ "ఇప్పుడు మంచిగున్నది" అంది. నేను వంటింట్లో చపాతీలు వత్తుకుంటూ పాట చరణంలో మాటలు విన్నాను, వినపడ్డాయి.

రాత్రి మా ఆయన వార్తలు పెట్టుకుని, "గివ్వి గుడ గంతే. ఏమంటుండో సమజైతలేదు. పైసలు దండగ," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆరు జతలు వినీ వినీ తెచ్చానే! చిన్నోడు "పరీక్ష పెడదాం డాడీ" అని అందరికీ కాగితాలు పంచాడు. అందరం ఒకే దూరంలో చాప మీద కూర్చున్నాం. రికార్డు వస్తుంటే విన్నది రాయాలి. అత్తమ్మకి రాయడం రాదు కాబట్టి ఆమె పిల్ల చెవిలో చెప్పింది. చిన్నోడికి ఇరవై, నాకు పంతొమ్మిది. అరవై ఎనిమిదేళ్ల అత్తమ్మకి పదహారు.

నలభై ఆరేళ్ల మా ఆయనకి పదకొండు.

ముందు అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. తర్వాత పిల్ల ఆయన కాగితం తీసుకుని చూసి నవ్వడం ఆపేసింది. తప్పులన్నీ ఒకే రకం. కాలు అన్నదగ్గర పాలు, తప్పు అన్నదగ్గర పప్పు. "స్పీకర్ తోని అట్ల" అన్నాడు. సరేనని పిల్ల స్పీకరు ఆపేసి, నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని, అవే మాటలు వరస మార్చి తనే చదివింది. పన్నెండు.

ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందో లెక్కేసుకున్నా. నేను వంటింట్లోంచి ఏదైనా చెబితే "ఆఁ ఆఁ" అని, తర్వాత నాకెప్పుడు చెప్పినవ్ అనేవాడు. నా మాటంటే లెక్కలేదని ఎన్ని రాత్రులు మూతి ముడుచుకుని పడుకున్నానో. మా పెళ్లిరోజు చీర గొడవ కూడా అదే అయ్యుంటుంది, ఇప్పుడు అనిపిస్తోంది.

ఈఎస్ఐ కార్డు ఉంది కాబట్టి దాంతోనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. డ్యూటీ దిగి నేరుగా రావద్దు, సెలవు రోజు గడిచాక రండి అన్నారు. హోరులోంచి వచ్చిన చెవి కొన్ని గంటలు మొద్దుగా ఉంటుందట, అప్పుడు పరీక్ష చేస్తే లెక్క తప్పుతుందట. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి మోత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తర్వాత గ్రాఫ్ ఇచ్చారు. గీత చదునుగా వచ్చి వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడినట్టు దిగిపోయి ఉంది. మోతలో ఏళ్ల తరబడి పని చేసినవాళ్ల చెవి ముందుగా దెబ్బతినేది ఆ చుట్టుపక్కలేనని డాక్టరు చెప్పారు. మాటలో అచ్చులు బలంగా, లావుగా ఉంటాయి, కింది స్వరాల్లో ఉంటాయి. క, త, ప, స లాంటి హల్లులు సన్నగా, పైస్వరాల్లో ఉంటాయి. కాలు అన్నా పాలు అన్నా ఆయనకి 'ఆలు' వినపడుతుంది, ముందున్న అక్షరం వినపడదు.

"ఆలు మాటొక్కటే వినపడుతదన్నమాట సార్" అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ మొదటి 2.1 డబ్బా ఆయనకి ఎందుకంత నరకంగా ఉందో అప్పుడు తెలిసింది. లావు సౌండు పెరిగితే అది సన్నటి సౌండుని కప్పేస్తుంది. అసలే వినపడని హల్లుల మీద బేస్ దుప్పటి కప్పాం. ఇంకా వాల్యూం పెంచితే, దెబ్బతిన్న చెవికి చిన్న సౌండు వినపడదు గానీ పెద్ద సౌండు మామూలు వాళ్లలాగే, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా గుచ్చుకుంటుందట. అందుకే "వినపడతలేదు", "తగ్గియ్" రెండూ ఒకే నిమిషంలో. అది చాదస్తం కాదు. పోయిన భాగం తిరిగి రాదని, చెవి లోపలి సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు మళ్లీ పుట్టవని కూడా చెప్పారు. ఉన్నది కాపాడుకోవాలి. వినికిడి మిషన్ సంగతి మళ్లీ ఆరు నెలలకి చూద్దామన్నారు.

ఆయన ఇన్నేళ్లూ చెవుల్లో దూది పెట్టుకునేవాడు, మహా అయితే. దూది ఆ మోతని ఆపలేదు. స్పాంజి ప్లగ్గులు ఫ్యాక్టరీలో ఇచ్చేవారట, పెట్టుకుంటే పిలుపు వినపడదని జేబులో వేసుకునేవాడట. ఫ్యాక్టరీల మోడల్ రూల్స్‌లో ఎనిమిది గంటలకి 90 డెసిబెల్స్ హద్దుగా పెట్టారు. అమెరికాలో నియోష్ అనే సంస్థ 85 దాటకూడదని చెప్తుంది. మన దగ్గర మీటరు లేకపోయినా ఒక లెక్క ఉంది. పని చోట చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితే గానీ మాట్లాడలేకపోతే అక్కడ 85 దాటి ఉండవచ్చు. మా ఆయన్ని అడిగితే, "గొంతు పెంచుడేంది, మేం చేతులతోనే మాట్లాడుకుంటం" అన్నాడు. మోత వల్ల వచ్చే చెవుడు చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. అది వయసు మీద పడ్డ చెవుడు కాదు, పని వల్ల వచ్చిన జబ్బు. కాబట్టి ఆ గ్రాఫ్ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు భద్రంగా పెట్టా. మీరూ అలాగే చేయండి.

స్పీకర్ల విషయానికొస్తే, పైసా ఖర్చు లేకుండా చేసిన మార్పులు కొన్న స్పీకరు కన్నా ఎక్కువ పని చేశాయి. మేం వాటిని బీరువా పైన పెట్టాం మొదట, పిల్లాడి బంతి తగలకుండా. అక్కడనుంచి దింపి బల్ల మీద, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, ముఖం ఆయనవైపు తిప్పి పెట్టాం. సన్నటి స్వరాలు టార్చిలైటు వెలుగులా ఎదురుగా పోతాయి, పక్కకి తక్కువ. మూలకి ఆనించి పెడితే బేస్ ఊరికే ఉబ్బుతుంది, అందుకని గోడకి జానెడు జరిపాం. పాత హవాయి చెప్పు కోసి నాలుగు ముక్కలు కింద పెట్టా, బల్ల అదరడం ఆగిపోయింది. ఆయన కుర్చీని ముందుకు జరిపాం. దూరం సగమైతే ఆ చెవికి వచ్చే సౌండు బాగా పెరుగుతుంది, ఇంట్లో మిగతావాళ్లకి మాత్రం పెరగదు. కంప్యూటర్‌లో బేస్ తగ్గించి పైస్వరాలు కాస్త పెంచే మీట పిల్ల వెతికిపెట్టింది. వీడియోలకి కింద అక్షరాలు వస్తే అవీ పెట్టిస్తున్నాం. మొదట్లో "నేనేమన్నా ముసలోన్నా" అన్నాడు, ఇప్పుడు చదువుతున్నాడు.

ఒక చిన్న చిక్కు మిగిలింది. కంప్యూటర్ యూఎస్‌బీకి పెడితే స్పీకర్లోంచి గుంయ్‌మని సన్నటి రొద వచ్చేది. ఫోన్ చార్జర్‌కి పెట్టి చూస్తే పోయింది. పోకపోతే ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోవాలట. అద్దె ఇంట్లో ఆ మాట ఓనరుకి చెప్పడం ఇంకో పెద్ద వ్యాసం.

ఇప్పుడు సి షిఫ్టు వారంలో పొద్దున పదింటికి పిల్ల పాఠం పావు వాల్యూంలో నడుస్తుంటుంది, లోపల ఆయన నిద్రపోతుంటాడు, నేను పప్పు తాలింపు వేసుకుంటూ త్వరణం అంటే ఏమిటో వింటుంటాను. మధ్యాహ్నం అది కాలేజీకి వెళ్లాక నా పాటలు. డ్యూటీకి వెళ్లేటప్పుడు టిఫిన్ డబ్బా మీద ప్లగ్గుల పొట్లం పెడుతున్నా. సాయంత్రం పొట్లం విప్పారో లేదో చూస్తున్నా కూడా.

వదిన అంతా విని, "అయితే వాట్లు చూడొద్దంటవ్" అంది. చూడొద్దు అన్నాను. వాళ్లాయన పదిహేనేళ్లుగా ఇనుము పనే. వాళ్లింట్లో వార్తలు మా వంటింట్లో కూర్చుని వినొచ్చు, మేం వేరే పెట్టుకోనక్కర్లేదు, అంత సౌండు. ఆ మాట ఆమెతో అనలేదు. పిల్ల రికార్డు చేసిన ఇరవై మాటలు వాట్సాప్‌లో పంపించా. ఆదివారం ఆయనకి ఆఫ్ అట, కాగితం పెన్ను తీసుకుని కూర్చుంటామంది.